ఇంట్లో కట్టిన సెస్నా 172 కాక్‌పిట్: రాయగడ వానలు దాటాక ఏది నిలిచింది, ఏది పోయింది

కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం దుకాణంలో కొన్న యోక్ (విమానాన్ని తిప్పే పిడి), పెడల్స్ సెట్ మీద రాస్తున్న సమీక్ష కాదిది. ప్లైవుడ్, డ్రాయర్ చానళ్లు, ఆర్డునో బోర్డులు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులు), తుక్కు కొట్టులో దొరికిన పాత మారుతీ సీటు కలిపి ఒడిశాలోని రాయగడలో కట్టి, ఏళ్లుగా వాడుతున్న ఒంటి సీటు కాక్‌పిట్ గురించి. ముందే చెప్పేస్తే, తెరలు, గ్రాఫిక్స్ కార్డు ఎన్నడూ పెద్దగా సతాయించలేదు. సతాయించినవన్నీ చేతికీ కాలికీ తగిలే భాగాలు, వాటి వెనక తీగలు. డబ్బైనా ఓపికైనా అక్కడే ఎక్కువ పెట్టాలి. మొదటిసారి కట్టేవాళ్లు సాధారణంగా ఇందుకు తలకిందులుగా చేస్తారు.

చిన్న విమానం సెస్నా 172నే ఎంచుకోవడానికి కారణం స్విచ్చులు తక్కువ, కొలతలు తేలిక. గుండ్రటి గేజీల రంధ్రం ప్రమాణం 3 1/8 అంగుళాలు, అంటే 79.4 ఎంఎం. 80 ఎంఎం హోల్ సా బిట్ ఒక్కటి ఉంటే ఆరు ప్రధాన గేజీలకూ సరిపోతుంది. ఎయిర్‌బస్ ఓవర్‌హెడ్ ప్యానెల్ (నెత్తిమీది స్విచ్చుల పలక) మీద మోజుంటే దాన్ని రెండో ప్రాజెక్టుగా పెట్టుకోండి.

ముందు చెక్క సంగతి. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) వద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి గాలిలో ఎండీఎఫ్ అంచులు, స్క్రూ రంధ్రాల చుట్టూ ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిన రంధ్రంలో స్క్రూ మళ్లీ పట్టదు. ప్లైవుడ్‌లో కూడా కొట్టువాడు మామూలుగా చేతిలో పెట్టేది ఐఎస్ 303 ముద్ర ఉన్న ఎంఆర్ గ్రేడు (తేమను కొంతవరకే తట్టుకునేది). యోక్ పెట్టె, పెడల్ బేస్‌లకు ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటిని కూడా తట్టుకునేది), 18 ఎంఎం అడిగి తీసుకోండి. కోసిన అంచులకు రెండు పూతలు ప్రైమరు కొట్టకపోతే ఆ గ్రేడు కొన్న లాభం సగం పోతుంది. ముందు ప్యానెల్‌కు మాత్రం చెక్క కంటే సైన్‌బోర్డులు కట్టేవాళ్ల దగ్గర మిగిలే 3 ఎంఎం ఏసీపీ (అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్) షీటు ముక్క మేలు. హోల్ సాతో శుభ్రంగా తెగుతుంది, తేమకు వంగదు, ఉప్పు కాగితంతో రుద్ది బూడిదరంగు స్ప్రే కొడితే అచ్చం ప్యానెల్‌లాగే ఉంటుంది.

యోక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పక్కలకు తిప్పడానికి 25 ఎంఎం స్టెయిన్‌లెస్ పైపు, రెండు 6005 బేరింగులు (లోపలి కొలత 25, బయటి కొలత 47 ఎంఎం). రెండు బేరింగుల మధ్య కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. దగ్గరగా పెడితే యోక్ కొమ్ములు పైకీ కిందికీ ఊగుతాయి. ఈ బేరింగులున్న చెక్కబండి ముందుకూ వెనక్కూ జరగడానికి 12 అంగుళాల బాల్‌బేరింగ్ డ్రాయర్ చానళ్లు ఒక జత. వాటిని అల్మరాలో బిగించినట్టు నిలువుగానే బిగించాలి. పడుకోబెట్టి బిగిస్తే మోసే శక్తి తగ్గి, కొన్నాళ్లకు మధ్యలో కుంగుతాయి. చానల్ చివర డ్రాయర్ ఆగడానికి ఉండే రబ్బరు పట్టును తీసేయండి, లేదంటే యోక్ పూర్తిగా లాగినప్పుడు చిన్న గతుకు తగులుతుంది. ఫ్లేర్ (దిగేముందు ముక్కు పైకెత్తడం) చేసే సమయంలో అదే విమానాన్ని ఎగరేసి పడేస్తుంది.

తిరిగి మధ్యకు రావడానికి రబ్బరు తాళ్లు పెట్టొద్దు. మొదట్లో హాయిగా ఉంటాయి, వేసవి దాటేసరికి సాగిపోతాయి. రెండు వైపులా లాగే ఇనుప స్ప్రింగులే దారి. అయితే రెండింటినీ ముందే కొంత సాగదీసి బిగించాలి. వదులుగా తగిలిస్తే మధ్యలో సెంటీమీటరు మేర ఏ ఒత్తిడీ ఉండదు, యోక్ ఎక్కడ ఆగితే అదే మధ్య అవుతుంది. స్ప్రింగులకు ఏడాదికోసారైనా తుప్పు పడుతుంది. కొద్దిగా గ్రీజు రాయండి, కానీ చానళ్ల బంతులకు మాత్రం పలచటి మెషీన్ ఆయిలే. గ్రీజు దుమ్ము పట్టి గట్టిపడుతుంది.

ఇక సెన్సారు. యోక్ ఎంత తిరిగిందో చెప్పే కారుచౌక 10కె పొటెన్షియోమీటరు, అంటే పాట్ (బి అక్షరం ఉన్న లీనియర్ రకమే; ఏ రకం ఆడియో వాల్యూమ్‌కు వాడేది, దానితో విమానం ఒకవైపు మొద్దుగా, మరోవైపు చురుగ్గా తిరుగుతుంది) కొత్తలో బాగానే పనిచేస్తుంది. యోక్ ఎక్కువ సమయం మధ్యలోనే ఉంటుంది కాబట్టి అందులోని కార్బన్ పట్టీ కూడా మధ్యలోనే అరుగుతుంది. తేమ తోడైతే అదే చోట విలువ గెంతడం మొదలవుతుంది, నేరుగా ఎగురుతుండగా రెక్క ఉన్నట్టుండి తుళ్లుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్ని వారాలు గడుస్తాయి, అంతే. అరుగుదలే లేని ఏఎస్5600 అయస్కాంత సెన్సారుకు మారడమే అసలు పరిష్కారం. ఇది ఒక చుట్టుకు 4096 మెట్లు ఇస్తుంది, ఆర్డునో మామూలు అనలాగ్ పిన్ను 1024 మాత్రమే చదువుతుంది.

ఇందులో తప్పే చోట్లు నాలుగున్నాయి. అయస్కాంతం వ్యాసం వెంట ధ్రువాలున్న రకమై ఉండాలి, ఫ్రిజ్ తలుపు అయస్కాంతం పనికిరాదు. చిప్‌కూ అయస్కాంతానికీ మధ్య 0.5 నుంచి 3 ఎంఎం ఎడం ఉండాలి. అయస్కాంతాన్ని నేరుగా ఇనుప బోల్టుకు అంటించకుండా పైపు చివర నైలాన్ లేదా చెక్క బిరడాలో కూర్చోబెట్టాలి. అన్ని ఏఎస్5600 చిప్‌లకూ ఐ2సీ అడ్రసు (బోర్డు ఆ చిప్‌ను గుర్తుపట్టే నంబరు) ఒక్కటే, 0x36. కాబట్టి యోక్‌కు రెండు కావాలంటే వాటిని వంతులవారీగా చదివించే టీసీఏ9548ఏ మల్టీప్లెక్సర్ పెట్టాలి.

లాగే దిశకు లెక్క ఇలా చూసుకోండి. యోక్ ప్రయాణం 150 ఎంఎం అనుకుందాం. జీటీ2 పళ్ల బెల్టులో పళ్ల దూరం 2 ఎంఎం. 80 పళ్ల పుల్లీ ఒక చుట్టుకు 160 ఎంఎం బెల్టు తిప్పుతుంది, కాబట్టి 150 ఎంఎంకు 4096లో 3840 మెట్లు దక్కుతాయి. అదే చోట 10 చుట్ల వైర్‌వౌండ్ పాట్, 16 పళ్ల పుల్లీ పెడితే 1024లో దాదాపు 480 వస్తాయి. అది కూడా వాడదగ్గదే. మీట కట్టి మామూలు పాట్‌ను 60 డిగ్రీలే తిప్పే పద్ధతిలో 230 కూడా రావు. ట్రిమ్ (యోక్ మీద ఒత్తిడి లేకుండా ముక్కు ఎత్తు సరిచేయడం) చేస్తుంటే మెట్లు మెట్లుగా తెలుస్తుంది.

పెడల్స్‌ది తీగల గొడవ. ఇంట్లో మిగిలిన లాన్ కేబుల్ ఒంటి తీగ రాగి, మడతపడే చోట కొన్ని నెలల్లో లోపలే తెగుతుంది, పైకి కనిపించదు. కదిలే భాగాలకు పలు పోగుల వైరే వాడాలి. ఇంకా మంచిది, ప్రో మైక్రో అనే చిన్న ఆర్డునో రకం బోర్డు ఒకటి పెడల్ బేస్‌లోనే పెట్టి కంప్యూటరుకు యూఎస్‌బీ కేబుల్ ఒక్కటే తేవడం. అనలాగ్ తీగ పొడవు తగ్గితే సిగ్నల్‌లో గోల కూడా తగ్గుతుంది. ప్రో మైక్రో మీది మైక్రో యూఎస్‌బీ సాకెట్ మహా బలహీనం, ఒక్క గుంజుడుకు రాగితో సహా ఊడొస్తుంది. మొదటి రోజే దాని చుట్టూ ఎపాక్సీ వేసి, కేబుల్‌ను చెక్కకు క్లిప్పుతో కట్టేయండి. కాలి వేళ్లతో నొక్కే బ్రేకులకు పియానో హింజ్ (పొడవాటి మడతబందు) బాగుంది, పెడల్ పివట్‌కు 608 బేరింగులు చాలు. బేస్ నేలమీద జారిపోతే ఇవేవీ పనికిరావు. సీటూ పెడల్ బేసూ ఒకే ప్లైవుడ్ పలకకు బిగించాలి.

స్విచ్చులు, రేడియో నాబ్‌లకు ఆర్డునో మెగా 2560, బోర్డును సిమ్యులేటర్‌తో కలిపే, ఉచితంగా దొరికే మోబిఫ్లైట్ సాఫ్ట్‌వేర్. ఈ జోడీ మీద ఫిర్యాదు లేదు. 54 డిజిటల్ పిన్నులు సెస్నాకు మిగిలిపోతాయి. ఈసీ11 ఎన్‌కోడర్ (క్లిక్కులతో తిరిగే నాబ్) రెండు క్లిక్కులకు ఒకసారి మాత్రమే కదిలితే అది చెడిపోయినట్టు కాదు, మోబిఫ్లైట్‌లో ఎన్‌కోడర్ రకం తప్పుగా ఎంచినట్టు. వెనక్కీ ముందుకీ గెంతితే పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. చౌక బోర్డుల్లోని సీహెచ్340 చిప్‌కు సొంత సీరియల్ నంబరు ఉండదు, యూఎస్‌బీ రంధ్రం మారిస్తే కామ్ పోర్టు నంబరూ మారుతుంది. కేబుళ్లకూ రంధ్రాలకూ ఒకే రంగు టేపు అతికిస్తే ఆ తలనొప్పి ఉండదు. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయడం మరవద్దు, లేకపోతే కాసేపు ఆటోపైలట్ మీద వదిలేసిన విమానానికి పెడల్స్ మాయమవుతాయి. ఇగ్నిషన్‌కు ఐదు స్థానాల రోటరీ స్విచ్ పెట్టొచ్చు కానీ చివరి స్టార్ట్ స్థానం దానంతటది వెనక్కి రాదు. నాలుగు స్థానాల స్విచ్, పక్కన ఒక పుష్ బటన్ అందంగా లేకపోయినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

కరెంటు సంగతి ఈ ప్రాంతంలో విడిగా చెప్పుకోవాలి. పాత ఇళ్లలో ఎర్తింగ్ ఉండదు, ఉన్నా ఎండి ఉంటుంది. అప్పుడు కంప్యూటర్ క్యాబినెట్ మీదికి సన్నగా కరెంటు వచ్చి యోక్ స్టెయిన్‌లెస్ పైపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, సెన్సారు విలువలూ వణుకుతాయి. సాఫ్ట్‌వేర్‌లో డెడ్‌జోన్ (చిన్న కదలికలను పట్టించుకోని మేర) పెంచి కప్పిపుచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి. మే సాయంత్రాల కాలబైశాఖి గాలివానలకు పిడుగులు మామూలే. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, దానితోపాటు ఇంటర్నెట్ లాన్ కేబుల్ కూడా పీకాలి. ఆ రెండో దారి చాలామందికి గుర్తుండదు. ఎల్ఈడీలు, డిస్‌ప్లేలకు వేరే 5 వోల్టుల సప్లై పెట్టినప్పుడు దాని గ్రౌండ్‌ను ఆర్డునో బోర్డు గ్రౌండ్‌తో కలపాలి, సెన్సార్ల 5 వోల్టులు మాత్రం ఆర్డునో బోర్డు నుంచే తీసుకోవాలి. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు కదా: పెడల్ బేస్ వెనక రంధ్రాలకు జాలీ కొట్టండి.

తెరల గురించి రెండు మాటలు. గేజీలకు ప్యానెల్ వెనక 24 అంగుళాల మానిటర్ ఒకటి పెట్టి, రంధ్రాల్లోంచి చూడటమే చవక, నమ్మకం. ఎక్స్27.168 స్టెప్పర్ మోటార్లతో నిజమైన సూదులు తిప్పొచ్చు కానీ అవి 315 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, ఆల్టిమీటరుకు అలాగే పనికిరావు. బయటి దృశ్యానికి 43 అంగుళాల టీవీని కంటికి 90 సెంటీమీటర్ల దూరంలో పెడితే వెడల్పు చూపు సుమారు 56 డిగ్రీలు. సిమ్యులేటర్‌లోనూ అదే కోణం పెట్టండి, రన్‌వే కొలతలు అప్పుడే నిజంగా అనిపిస్తాయి. టీవీలో గేమ్ మోడ్ తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్ ఎంపిక ఇక్కడి ఇంటర్నెట్‌ను బట్టి. 2024 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 చాలా సరుకు నెట్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. లైను జారితే నేల అలుక్కుపోతుంది. 2020 వెర్షన్ కొంత మేలు. ఎక్స్-ప్లేన్ 12 దృశ్యాలన్నీ డిస్క్ మీదే ఉంచుతుంది కాబట్టి నెట్ పోయినా ఎగురుతూనే ఉంటుంది. కొండల అందం తక్కువే, కానీ సాధనకు దానితో లోటు లేదు.

కాక్‌పిట్ ఎంత బాగా కుదిరిందో తేల్చుకోవడానికి మంచి దారి ఒడిశాలోని జయపురం (జేపూర్) నుంచి విశాఖ, దాదాపు 80 నాటికల్ మైళ్లు. నిజ జీవితంలో జయపురం నుంచి సెస్నా 208 కేరవాన్‌లు ఉడాన్ పథకం (చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం) కింద ఎగిరాయి. కాబట్టి చిన్న విమానానికి ఈ దారి అసహజం కాదు. జయపురం రన్‌వే సముద్రమట్టానికి సుమారు 2000 అడుగుల ఎత్తున ఉంది. దేవమాలి శిఖరం 1672 మీటర్లు, అంటే 5500 అడుగులకు ఓ గుక్కెడు తక్కువ. ఆగ్నేయ దిశకు 7500 అడుగులు సరైన ఎత్తు. 74 నాట్ల దగ్గర ఎక్కుతూ పోతే దాదాపు పది నిమిషాలు ముక్కు పైకే. ట్రిమ్ చక్రం సరిగా లేకున్నా, స్ప్రింగులు మరీ బిగువుగా ఉన్నా ఆ పది నిమిషాల్లో మణికట్టు చెప్పేస్తుంది. తర్వాత కనుమలు దాటి దిగేటప్పుడు రడ్డర్ (పెడల్స్‌తో కదిలే తోక చుక్కాని) మధ్యలో నిలుస్తోందా, టర్న్ కోఆర్డినేటర్ (మలుపు చూపే గేజీ) బంతి ఒకవైపుకు ఒరిగిపోతోందా చూడండి. ఒరిగితే పెడల్ స్ప్రింగుల బిగువు సమానం చేయాలి, సాఫ్ట్‌వేర్ కాలిబ్రేషన్ ఆ తర్వాతే.

దీనిమీద ఎగిరిన గంటలు డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు లెక్కలోకి రావు. ఫ్లయింగ్ స్కూల్లో చేరబోయే పిల్లలకు చెక్‌లిస్టు, గేజీలు చూసే వరస చేతికి అలవాటవుతాయి. విమానం చక్రాలు నేలను తాకే అనుభూతి మాత్రం ఇందులో దొరకదు. సీటు కింద వణుకు మోటార్లు కడితే వస్తుందంటారు కానీ అవి ఇంజను అదుర్లకే బాగుంటాయి, పైగా ప్యానెల్ స్క్రూలన్నీ వదులు చేస్తాయి. కట్టేవాళ్లు నట్లన్నీ నైలాక్ రకం (లోపల నైలాన్ పట్టుతో వదులు కానివి) వేసుకోండి, సెన్సారు బోర్డుల కింద రబ్బరు వాషర్లు పెట్టండి.