ఇంటివాళ్లని కూడా కూర్చోబెట్టే డీఅడిక్షన్ సెంటర్: మా అనుభవం

మా అన్నయ్యని మొదట చేర్చిన సెంటర్‌లో లోపల పెట్టి తాళం వేయడం తప్ప ఇంకేం చేయలేదు, ఇంటికొచ్చిన కొద్దిరోజులకే మళ్లీ వైన్ షాపు దగ్గర తేలాడు. ఈసారి హైదరాబాద్‌లోనే కుటుంబంతో కలిపి థెరపీ చేసేచోట చేర్చాం. పేరు రాయట్లేదు, మీరు ఏ సెంటర్‌కి వెళ్లినా ఈ పద్ధతి ఉందా లేదా అని అడగండి చాలు.

రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, అందుకని ఆ దశ డాక్టర్ దగ్గరుండి మందులతో దాటించారు. అసలు పని తర్వాత మొదలైంది. లివర్, గుండె పరీక్షలు చూశాక డైసల్ఫిరామ్ రాశారు, అది వేసుకుని తాగితే ఒళ్లు తట్టుకోలేదు, ఆ భయంతో తాగకుండా ఉండటానికి ఇచ్చే మాత్ర. రోజూ పొద్దున అన్నయ్య వదిన ఎదురుగా ఆ మాత్ర వేసుకుని "ఈరోజు తాగను" అనాలి, వదిన "థాంక్స్" చెప్పి క్యాలెండర్‌లో టిక్ పెట్టాలి. ఆ కాసేపు పాత గొడవలు ఎత్తకూడదు, రేపు ఎలా ఉంటావో అని దెప్పకూడదు. ఇలా భార్యాభర్తలిద్దరినీ కలిపి చేసే పద్ధతిని బిహేవియరల్ కపుల్స్ థెరపీ అంటారట, అమెరికాలో టిమోతీ ఓఫారెల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీనిమీద పనిచేశారు.

ఒకరోజు టిక్ లేదు. ఇదివరకైతే ఇల్లు పీకి పందిరేసేవాళ్లం, వదిన మాత్రం ఏమీ అనకుండా కౌన్సెలర్‌కి ఫోన్ చేసింది, సాయంత్రానికల్లా ఇద్దరినీ పిలిపించి మాట్లాడారు. అమ్మకి కూడా విడిగా చెప్పారు, వాడు తాగి పడుకుంటే ఆఫీసుకి జ్వరమని ఫోన్ చేయొద్దు, బాకీలు కట్టొద్దు, తాగని రోజు మాత్రం దగ్గర కూర్చుని మాట్లాడమని. అమ్మకి అదే అన్నిటికంటే కష్టమైంది.

ఆ మాత్రని దయచేసి ఎవరూ తెలియకుండా సాంబార్లో కలపొద్దు. దాని మీద తాగితే వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకి రావచ్చు. టీవీలో అమ్మే పొడులు కూడా వద్దు.

లోపాలూ ఉన్నాయి. సెషన్లన్నీ వర్కింగ్ డేస్‌లో పొద్దున్నే, వదిన సెలవులన్నీ వాటికే పోయాయి. ఇంటర్ చదివే వాళ్ల పిల్లాడి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు, అది నాకు చాలా బాధనిపించింది. ఇంట్లో కొట్టడం ఉంటే జంటగా కూర్చోవడం కన్నా ముందు ఆడమనిషి భద్రత చూడాలి, ఆ విషయం కౌన్సెలర్‌కి విడిగా చెప్పండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ.