2045 నుంచి ఏఐ మాట్లాడుతదని పైసలు గుంజుతున్నరు, రైతన్నలు పైలం

వరంగల్, నర్సంపేట, పరకాల దిక్కు ఉన్నోళ్లు ఇది ఒక్కసారి చదువుండ్రి, ముఖ్యంగా మిర్చి, పత్తి పెట్టినోళ్లు. "2045 నుంచి ఏఐ మీతోని మాట్లాడుతది, ముందు ముందు ధర ఎట్లుంటదో ఇప్పుడే చెప్తది" అని ఒక యాప్ అమ్ముతున్నరు. ఏజెంట్లు ఊర్లల్లకే వచ్చి ఫోన్‌ల ఎక్కించి పోతున్నరు, ఏడాదికి 6,500. మా చిన్నాయన కట్టిండు. అది దసరా దాకా ఆగమన్నదని సరుకంతా కోల్డ్ స్టోరేజీల పెట్టిండు, ఇటు కిరాయి మీద పడ్డది, అటు ధర దిగింది, ఇప్పుడు ఏజెంట్ ఫోన్ ఎత్తుతలేడు.

నేను ఆ ఫోన్ తీసుకొని "నిన్న ఎనుమాముల మార్కెట్ల తేజ మిర్చి క్వింటాలు ఎంత పలికింది" అని అడిగిన. "క్షమించండి, తాజా సమాచారం నా వద్ద లేదు" అన్నది. 2045ల ఉన్నదానికి నిన్నటి రేటు ఇరవై ఏండ్ల పాత ముచ్చట కదా, అది ఎందుకు తెల్వది? అదే 2045ల వరంగల్ ఎట్లుంటదని అడిగితే మాత్రం ఆగకుండ చెప్పుకుంట పోయింది.

అసలు సంగతేందంటే ఈ ఏఐలకు కుప్పలకొద్ది రాతలు చదివిస్తరు, ఒక తారీకు కాడ ఆ చదువు ఆగిపోతది, ఆ తర్వాతి ముచ్చట నెట్‌ల వెతికి తెచ్చుకుంటే తప్ప దానికి తెల్వది. ఏ మాట పక్కన ఏ మాట అతుకుతదో లెక్కగట్టి రాసుకుంట పోతది, 2045ల ఉన్నట్టు మాట్లాడుమంటే గట్లనే మాట్లాడుతది. ముందటి కాలం నుంచి వెనక్కి కబురు పంపే మిషన్ ఎవ్వరి తాన లేదు. 2009ల స్టీఫెన్ హాకింగ్ అనే పెద్ద సైంటిస్టు ఒక విందు పెట్టి, అది అయిపోయినంకనే ఆహ్వానం బయటపెట్టిండు, కాలంల వెనక్కి వచ్చేటోళ్లుంటే వస్తరు కదా అని. ఒక్కరు రాలే.

ఏజెంట్లు ఎంఐటీ (అమెరికాల పేరున్న యూనివర్సిటీ) పేరు గూడ వాడుతున్నరు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌ది 2024ల "ఫ్యూచర్ యూ" అని ఒకటి వచ్చింది నిజమే, కానీ అది మీరు ఇచ్చిన జవాబులతోనే 60 ఏండ్ల మిమ్మల్ని కల్పించి మాట్లాడిస్తది, పడుచు పిల్లలు రేపటి గురించి ఆలోచించాలని చేసింది. మిర్చి రేటుకు దానికి ఏం సంబంధం?

ఇంకోటి, "పోయినోళ్ల గొంతు గూడ వినిపిస్తం" అని ఇంట్లోళ్ల పాత వాయిస్ మెసేజ్‌లు అడుగుతున్నరు. అస్సలు ఇయ్యకుండ్రి. 3 సెకన్ల ఆడియో ఉంటే గొంతు అచ్చం దించొచ్చని మైక్రోసాఫ్ట్ వాళ్లు 2023లనే చూపిన్రు, రేపు అదే గొంతుతోని మీ చుట్టాలకు ఫోన్ చేసి పైసలు అడిగితే ఎవరు ఆపుతరు?

ఇప్పటికే కట్టినోళ్లు 1915కు ఫోన్ చేయుండ్రి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. ఖాతాల నుంచి పైసలు పోతే లేటు చెయ్యకుండ 1930కి చెప్పుండ్రి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల కేసు వేస్తే, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు గూడ లేదు, ఆన్‌లైన్‌లనే వేయొచ్చు. ఏజెంట్ రసీదు ఇయ్యడు గనుక యూపీఐ స్క్రీన్‌షాట్, ఆ యాప్‌ల ధర గురించి చెప్పిన చాటింగ్ రెండూ దాచిపెట్టుకోండ్రి, యాప్ తీసేస్తే చాటింగ్ పోతది, ముందు ఫొటోలు తీసుకున్నంకనే తీసేయుండ్రి.