మారిషస్ ఎంత వేడెక్కింది? ప్రపంచ బ్యాంకు పోర్టల్, నాసా స్టేషన్ పేజీ: ఏది వాడాలి

మారిషస్ వార్షిక ఉష్ణోగ్రత నూరేళ్లలో ఎలా మారిందో చూడాలంటే చాలామంది ముందుగా తెరిచేది ప్రపంచ బ్యాంకు వారి క్లైమేట్ చేంజ్ నాలెడ్జ్ పోర్టల్. డబ్బు కట్టక్కర్లేదు. దేశం పేరు ఎంచుకుంటే చాలు, 1901 నుంచి గీత గీసి చూపిస్తుంది. భారతదేశానికో బ్రెజిల్‌కో అయితే దాన్నే వాడమంటాం. మారిషస్‌కి మాత్రం ముందు నాసా జిస్‌టెంప్ (భూమి ఉష్ణోగ్రతల మీద నాసా కట్టే లెక్క) స్టేషన్ డేటా పేజీకి వెళ్లండి, పోర్టల్ సంగతి తర్వాత చూడొచ్చు.

ఎందుకంటే పోర్టల్‌లో 1901 నుంచి వచ్చే గీత సీఆర్‌యూ టీఎస్ అనే గళ్ల పటం నుంచి వస్తుంది. భూమిని అర డిగ్రీ గళ్లుగా కోసి, దగ్గర్లోని స్టేషన్ల కొలతల్ని దూరాన్ని బట్టి కలిపి ఒక్కో గడికి ఒక్కో విలువ కడతారు. మారిషస్ అక్షాంశంలో ఒక గడి ఉత్తర దక్షిణాలుగా 55 కి.మీ., తూర్పు పడమరలుగా 52 కి.మీ., అంటే సుమారు 2,900 చ.కి.మీ. మారిషస్ ప్రధాన ద్వీపం మొత్తం కలిపినా 1,865 చ.కి.మీ. ద్వీపమంతా కలిసి కొద్ది గళ్లలోనే ఇమిడిపోతుందన్నమాట. క్యూర్‌పీప్ పీఠభూమి చల్లదనం, తీరం మీది రాజధాని పోర్ట్ లూయీ ఉక్కపోత అన్నీ అందులో కలిసిపోతాయి. పైగా 1,200 కి.మీ. లోపల ఏ స్టేషన్ కొలతా దొరకని నెలకి ఆ గడిలో 1961-90 సగటునే పెట్టేస్తారు. అది ఆ ఏడాది కొలిచింది కాదు, ఖాళీ పూరించింది. పాత సంవత్సరాల్లో ఒకే నెల విలువ ఏళ్ల తరబడి రెండో దశాంశం దాకా మారకుండా కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పోర్టల్‌లో ఇంకో ఎంపిక ఉంది, ఈఆర్‌ఏ5. ఇది 1950 నుంచి మొదలవుతుంది, గడి పావు డిగ్రీ. ఖాళీలుండవు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అది కొలతల్ని వాతావరణ మోడల్‌లో కలిపి కట్టిన లెక్క. తీరం మీది గడిలో నేల కొంత, సముద్రం కొంత ఉంటాయి కాబట్టి పగటి వేడి, రాత్రి చలి రెండూ మెత్తబడిపోతాయి. ఏడాదికేడాది హెచ్చుతగ్గులు చూడ్డానికి పనికొస్తుంది. 'మారిషస్ సగటు ఇన్ని డిగ్రీలు' అని రాయడానికి పనికిరాదు.

ఇక నాసా పేజీ. చూడ్డానికి పాత కాలం నాటిదిలా ఉంటుంది గానీ, ఇచ్చేది అసలు స్టేషన్ కొలతలు. పటం మీద ద్వీపాన్ని నొక్కినా, స్టేషన్ పేరు వెతికినా సరే. మారిషస్ స్టేషన్ల గుర్తింపు సంఖ్యలు 'ఎంపీ' అక్షరాలతో మొదలవుతాయి. ముఖ్యంగా చూడాల్సినవి మూడు: ఎత్తు మీదున్న వాక్వా, తీరం దగ్గర విమానాశ్రయం ఉన్న ప్లెజాన్స్, తూర్పున దాదాపు 560 కి.మీ. అవతల ఉన్న రోడ్రిగ్స్ ద్వీపం. ఒక్కోదాని గ్రాఫ్ కింద సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) ఉంటుంది, దించుకోండి.

ఫైల్ తెరవగానే జాగ్రత్త పడాల్సింది 999.90 అనే అంకె విషయంలో. ఆ నెల కొలత లేదని దాని అర్థం. పదకొండు నెలలు 23 డిగ్రీల చొప్పున ఉండి ఒక నెల 999.90 ఉంటే, ఎక్సెల్ మారుమాట్లాడకుండా ఆ ఏడాది సగటు 104.4 డిగ్రీలని చూపిస్తుంది. అంత పెద్ద తప్పు కంటికి ఆనుతుంది. ఆ తప్పు యాభై ఏళ్ల సగటులో కలిసిపోతే ఆనదు. 22.5 ఉండాల్సిన చోట 24.1 కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకే ముందు ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి 999.9 స్థానంలో ఖాళీ పెట్టి, ఆ తర్వాతే ఏ లెక్కైనా మొదలుపెట్టండి. ఖాళీ బదులు సున్నా పెడితే ఇంకో తప్పు, సగటు కిందికి జారుతుంది.

చివరి నిలువు వరసలో ఉండే వార్షిక విలువ జనవరి నుంచి డిసెంబర్ దాకా లెక్క కాదు. ముందు ఏడాది డిసెంబర్ నుంచి ఈ ఏడాది నవంబర్ దాకా. వేరే చోటి క్యాలెండర్ సంవత్సరం అంకెల పక్కన దీన్ని పెట్టి పోలిస్తే తేడా వస్తుంది, ఆ తేడాకి వాతావరణంతో సంబంధం ఉండదు. మారిషస్ వాళ్ల వేసవి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా కాబట్టి, రుతువుల వారీగా చూడాలనుకుంటే నెలల వరసల నుంచి మీరే కట్టుకోండి. ఈ విషయంలో రెండు సైట్లదీ ఒకటే తీరు: మూడేసి నెలల చొప్పున నాలుగు రుతువులు ఇస్తాయి, అక్కడి జనం చెప్పుకునే రెండు రుతువులతో అవి కలవవు.

స్టేషన్లను కలిపేటప్పుడు నేరుగా సగటు తీయొద్దు. వాక్వా 420 మీటర్ల పైన, ప్లెజాన్స్ 60 మీటర్ల లోపు. కిలోమీటరు ఎక్కితే 6.5 డిగ్రీలు తగ్గే లెక్కన రెంటికీ మధ్య రెండు డిగ్రీల పైన తేడా ఉంటుంది. ఏదో ఏడాది వాక్వా కొలత లేకపోతే ఆ ఏడాది ద్వీపం ఒక్కసారిగా డిగ్రీ వేడెక్కినట్టు కనిపిస్తుంది. ఒక్కో స్టేషన్‌కి దాని 1961-90 సగటు తీసి, దానికన్నా ఎంత ఎక్కువో తక్కువో కట్టుకుని, ఆ తేడాలనే కలపాలి.

పేజీలో సరిచేయని కొలతలు, సరిచేసినవి రెండూ దొరుకుతాయి. రెండూ గీయండి. పరికరం మారినా, స్టేషన్ స్థలం మారినా కొలతల్లో ఒక్కసారిగా వచ్చే ఎగుడుదిగుడును, అంటే మెట్టును, చుట్టుపక్కల స్టేషన్లతో పోల్చి పట్టుకోవడం సరిచేయడం వెనక ఉన్న పద్ధతి. ఖండం మీదైతే చుట్టూ పదుల కొద్దీ స్టేషన్లుంటాయి. ఇక్కడ రీయూనియన్, రోడ్రిగ్స్ లాంటి కొద్ది ద్వీపాలు తప్ప పొరుగు లేదు. చిన్న మెట్లు దొరక్కపోవచ్చు. రోడ్రిగ్స్ విలువ అందుకే ఎక్కువ: అక్కడ పెద్ద పట్టణం లేదు, సిమెంటు వేడి కలవదు. ప్లెజాన్స్, రోడ్రిగ్స్ గీతలు రెండూ ఒకే వాలుతో (ఏడాదికి పెరిగే వేగంతో) పైకి పోతుంటే ఆ వాలు నమ్మదగ్గది.

వాలు కట్టడం తేలిక. ఎక్సెల్‌లో స్లోప్ ఫంక్షన్‌కి ముందు తేడాల వరస, తర్వాత సంవత్సరాల వరస ఇచ్చి పదితో గుణిస్తే దశాబ్దానికి ఎంతో వస్తుంది. తిరగేసి ఇస్తే అర్థంలేని పెద్ద అంకె వస్తుంది. కనీసం ముప్పై ఏళ్లు ఉండాలి. చల్లటి ఏడాదితో మొదలుపెట్టి ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే) ఏడాదితో ముగిస్తే వాలు ఉబ్బుతుంది. రెండు వైపులా రెండు మూడేళ్లు జరిపి చూసుకోండి. అక్కడి వాతావరణ శాఖ, మారిషస్ మెటియరలాజికల్ సర్వీసెస్, దశాబ్దానికి 0.15 డిగ్రీల పెరుగుదల అని చెబుతుంది. మీ లెక్క దానికి దగ్గర్లో వస్తే దారిలో ఉన్నట్టే. 0.5 వచ్చిందంటే మళ్లీ 999.90 వెతకండి.

0.15 చిన్న అంకెలా కనిపిస్తుంది. మారిషస్ వేసవి సగటు 24.7, శీతాకాలం సగటు 20.4. రెండు రుతువులకీ మధ్య ఉన్నదే 4.3 డిగ్రీలు. అరవై ఏళ్లలో 0.9 డిగ్రీ పెరిగిందంటే ఆ వ్యత్యాసంలో అయిదో వంతు.

ఏ కాలంతో పోల్చారన్నది ప్రతిసారీ రాయండి. జిస్‌టెంప్ మామూలుగా 1951-80తో పోలుస్తుంది. పోర్టల్ సగటు పటాలకి 1991-2020 వాడుతుంది. 0.15 వాలు సమంగా ఉందనుకుంటే ఈ రెండు కాలాల సగటుకీ మధ్యే 0.6 డిగ్రీ తేడా. ఒకే ఏడాది ఒక చోట ఒక డిగ్రీ ఎక్కువ, ఇంకో చోట 0.4 ఎక్కువ అని కనిపిస్తే రెండూ నిజమే.

పోర్టల్‌ని పూర్తిగా పక్కన పెట్టమనడం లేదు. నాసా పేజీ నెల సగటు మాత్రమే ఇస్తుంది, గరిష్ఠ కనిష్ఠాలు విడిగా ఇవ్వదు. పోర్టల్ ఇస్తుంది. మారిషస్‌లో అది పెద్ద విషయం, ఎందుకంటే చెరకు పండి తీపెక్కడానికి శీతాకాలపు చల్లటి రాత్రులు కావాలి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి ఆ తోటల్లోకి వెళ్లిన మన తెలుగువాళ్లకి, ఇవాళ అక్కడున్న వాళ్ల మనవలకి, సగటు కన్నా రాత్రి కనిష్ఠమే దగ్గరి సంగతి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కనిష్ఠ ఉష్ణోగ్రతని ఈఆర్‌ఏ5లో 1950 నుంచి తీసుకుని, తేడాలుగా మార్చి, స్టేషన్ సగటు గీత పక్కన పెట్టి చూడండి. భవిష్యత్ అంచనాలకి కూడా పోర్టలే సులువు.

బడి ప్రాజెక్టుకి, ఒక పూటలో బొమ్మ కావాలంటే పోర్టల్, అదీ 1950 తర్వాత భాగం. నివేదికలో అంకె రాయాలంటే నాసా స్టేషన్ పేజీ, ఓపిగ్గా రెండు మూడు గంటలు. అంకె పక్కన స్టేషన్ పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, పోల్చిన కాలం, ఎన్ని నెలలు ఖాళీ అన్నవి నాలుగూ ఉండాలి.