ఏజెన్సీ కొలువా, సచివాలయం కొలువా?

కంప్యూటర్ పని తెలిసి, శ్రీకాకుళం జిల్లా వదలలేనివాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే దారులు రెండు: ప్రభుత్వానికి సాంకేతిక పనులు చేసిపెట్టే ప్రైవేటు ఏజెన్సీ, లేదా 2019లో మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ పోస్టు.

పని నేర్చుకోవడానికి ఏజెన్సీయే మేలు. నెట్‌వర్క్ ఎక్కడ తెగింది, సర్వర్ ఎందుకు మొరాయిస్తోంది అని ఇచ్ఛాపురం నుంచి ఎచ్చెర్ల దాకా తిరిగితే చేయి తిరుగుతుంది. టెన్షనంతా టెండర్ దగ్గరే. టెండర్ మారి కొత్త ఏజెన్సీ వస్తే పాత సర్వీసును లెక్కలోకి తీసుకుంటుందన్న భరోసా లేదు. చేరేవాళ్లు ముందు పీఎఫ్ సంగతి తేల్చుకోవాలి. జీతంలో మీ వాటా 12 శాతం కోశారంటే సరిపోదు, యజమాని వాటాతో కలిపి జమైందో లేదో ప్రతి నెలా ఫోన్లో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కార్డు కూడా అడగండి, మొహమాటం వద్దు.

సచివాలయంలో మొదలు జీతం తక్కువే. తొలి బ్యాచ్‌కు ప్రొబేషన్‌లో నెలకు 15,000 ఇచ్చారు. కానీ ఉద్యోగం పోతుందన్న బెంగ ఉండదు. సాంకేతికంగా ఎదుగుదల తక్కువ. పొలం పనితో వేలిముద్రలు అరిగిపోయిన అవ్వ చేతిని తుడిచి, మళ్లీ మళ్లీ మిషన్ మీద పెట్టించే ఓపిక కావాలి. ఆ పనికి విలువ కట్టలేం.

ఇంటి బరువు మీ మీద లేకపోతే ముందు ఏజెన్సీలో చేరండి. సచివాలయం నోటిఫికేషన్ పడితే మాత్రం వదలొద్దు.