పిల్లలతో ప్రాజెక్టు వీడియోలు తీయించి ఐదేళ్లు: నా అనుభవం

ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతాను. ఐదేళ్లుగా ప్రాజెక్టు అంటే చార్టు, థర్మకోల్ మోడల్ మానేసి పిల్లలే తీసిన వీడియో అడుగుతున్నాను. పనికొచ్చింది, కానీ మొదటి రెండేళ్లు నేనే చెడగొట్టుకున్నాను. వీడియో బాగుంటే మార్కులు వేసేవాణ్ని. దాంతో ఎడిటింగ్ వచ్చిన ఒక్కడు రాత్రంతా కూర్చుని మ్యూజిక్కు దట్టించేవాడు, మిగతా నలుగురూ కెమెరా ముందు గైడులో ఉన్నది అప్పజెప్పేవాళ్లు. చూడ్డానికి బ్రహ్మాండం, ఒక్క ప్రశ్న అడిగితే నీళ్లు నమిలేవాళ్లు.

ఇప్పుడు సగం మార్కులు స్క్రిప్టుకే, అదీ తీసిన ఫుటేజీ చూశాక దాన్ని ఎంత దిద్దుకున్నారన్న దానికి. ఓ గ్రూపు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించే ప్రయోగం తీసింది. ఆక్సిజన్ ఖర్చయి ఆ ఖాళీలోకి నీళ్లు ఎక్కుతాయని రాసుకున్నారు (నేనూ కొన్నేళ్లు ఇదే చెప్పాను లెండి). స్లో మోషన్‌లో చూస్తుంటే ఒకమ్మాయి, "సార్, మంట ఆరిపోయాకే కదా నీళ్లు గబగబా ఎక్కుతున్నాయి?" అంది. వెనక్కి తిప్పి చూస్తే గ్లాసు దించేటప్పుడే అంచు కింద నుంచి బుడగలు! వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయింది, మంట ఆరి లోపలి గాలి చల్లబడగానే పీడనం తగ్గింది, బయటి గాలి నీళ్లను లోపలికి నెట్టింది. స్క్రిప్టు మళ్లీ మొదట్నుంచి రాశారు.

తలనొప్పులూ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది సౌండు: ఫ్యాన్ ఆపకపోతే, ఫోన్ దగ్గరగా లేకపోతే మాట వినబడదు, అందుకే గొంతు విడిగా రికార్డు చేయిస్తాను. 1080పీలో తీస్తే నిమిషానికే వంద ఎంబీ దాటొచ్చు, క్లాసులో చూసుకోవడానికి 720పీ చాలు. అందరి దగ్గరా ఫోన్ ఉండదు కాబట్టి గ్రూపుకొకటి, షూటింగు పీరియడ్‌లోనే. మొహం కనబడకూడదని ఇంట్లోవాళ్లు అంటే చేతులు, గొంతు చాలు, ఏ వీడియో అయినా క్లాసు దాటి బయటికి పోదు.

ఒక్కో ప్రాజెక్టుకి మూడు వారాలు పోతాయి, సిలబస్ టెన్షన్ మామూలే, అందుకని ఏడాదికి రెండే. లెక్కలున్న పాఠాలకు మాత్రం వాడను. ఓసారి ప్రయత్నించాం, బోర్డును వీడియో తీసినట్టు వచ్చింది.