పాత పాలిషింగ్ మెషీన్ ఎస్‌ఎంపీఎస్: బాగుచేయడమా, కొత్తది వేయడమా?

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పాత పాలిషింగ్ మెషీన్ ఆగిందంటే ముందు ప్యానెల్లోని 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్‌ను (మెయిన్ కరెంటును 24 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లయిని) చూడాలి. అక్కడి వేడికి కెపాసిటర్లు ఎండిపోతాయి, తడి రాతిపొడి బోర్డు మీద పేరుకుంటుంది.

బాగుచేస్తే ఖర్చు తక్కువ, వైరింగ్ కదపక్కర్లేదు. రాత్రి ఆపి పొద్దున వేస్తే లేవడం లేదంటే, చాలాసార్లు స్టార్టింగ్ సర్క్యూట్‌లోని 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల చిన్న కెపాసిటరే కారణం. లోడు పడగానే 24 కాస్తా 19కి జారుతుంటే అవుట్‌పుట్ కెపాసిటర్లు మార్చాలి. 105 డిగ్రీల వేడిని తట్టుకునే, లోపలి నిరోధం తక్కువ ఉండే (లో-ఈఎస్‌ఆర్) రకం, 35 వోల్టులవి తీసుకోండి. 25 వోల్టులవి పెడితే ఎక్కువ రోజులు నిలవవు. చెయ్యి పెట్టేముందు మెయిన్ కెపాసిటర్‌ను మీటరుతో చూడాలి. కరెంటు తీసినా 320 వోల్టుల దాకా దాచుకుని ఉంటుంది. తొలిసారి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. వెలుగు తగ్గకపోతే లోపల షార్టు ఇంకా ఉన్నట్టే.

మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పేలి బోర్డు బొగ్గయితే మాత్రం కొత్తదే మేలు. 24 వోల్టులు ఒక్కటే కావాలంటే ప్యానెల్లోని లోహపు పట్టీకి తగిలించే డిన్ రైల్ రకం గంటలో బిగించొచ్చు. చిక్కల్లా 5, ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు మూడూ ఒకే సప్లయి నుంచి తీసుకునే పాత కంట్రోలర్లతోనే. అక్కడ మూడు సప్లయిలు అతకడంకన్నా పాత బోర్డుతో కుస్తీ పట్టడమే నయం.

ఏది చేసినా పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంట్రోలర్) బ్యాటరీ మాత్రం పీకొద్దు, పాతవాటిలో ప్రోగ్రాం పోవచ్చు.