గ్రాంట్ రోడ్డులో బస, ఆరు వెలుగు పెట్టెలు

మన ఊళ్ళ సినిమా హాళ్ళ వరండాల్లో, అద్దాల అరల వెనక పిన్నులు గుచ్చి పెట్టిన ఫోటో కార్డులు చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, అలాంటి అరల్లోనే తారలకు బదులు నగరంలో పనిచేసుకునే మనుషులు వెలిగే ఆరు పెట్టెలు తయారుచేయాలన్న కోరికతో కిందటి శీతకాలంలో అయిదు రోజులు ముంబయిలో ఉన్నాను. వెనక దీపం పెట్టి ఫోటోను చూపే పద్ధతిని బస్టాపు ప్రకటనల నుంచి అందుకుని, 1970ల చివర్లో ఆర్ట్ గ్యాలరీలకెక్కించినవాడు కెనడాకు చెందిన ఫోటో కళాకారుడు జెఫ్ వాల్. నాకు మాత్రం ఆ వెలుగు హాలు వరండాదే.

మొదటి రెండు రాత్రులు కొలాబాలో దిగాను. అద్దె ఎక్కువ, పైగా ట్రైపాడ్ విప్పితే తలుపు తెరుచుకోనంత ఇరుకు గది. గ్రాంట్ రోడ్డు స్టేషను దగ్గరి లాడ్జికి మారాక, లోకల్ రైళ్ళ రొద తెల్లవార్లూ వినబడినా, స్నానానికి బకెట్టు నీళ్ళే ఇచ్చినా, పని సాగింది. ఎల్‌ఈడీ పట్టీలు, అడాప్టర్లు దొరికే లామింగ్టన్ రోడ్డు, పాత సినిమా సరుకు అమ్మే చోర్ బజార్, రాయల్ ఆపెరా హౌస్ అన్నీ అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగేవే.

చోర్ బజార్‌లోని మటన్ స్ట్రీట్‌కు శుక్రవారం వెళ్ళడం నా తెలివితక్కువ. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి. మర్నాడు ఒకాయన పాతదేనంటూ చూపిన పోస్టరును వేలితో తడిమితే, మడత గీత కాగితం మీద లేదు, బొమ్మలోనే అచ్చయి ఉంది. అసలైన ఫోటో కార్డులు రెండు బేరమాడి తెచ్చుకున్నాను.

1993లో మూతపడి 2016లో మళ్ళీ తెరుచుకున్న ఆపెరా హౌస్ లోపలి బాల్కనీలు చూడాలంటే, ఏదో ఒక ప్రదర్శనకు టికెట్టు కొనుక్కోవడమే మేలు. 1938 నాటి ఈరోస్ సినిమా హాలు మాత్రం చర్చ్‌గేట్ స్టేషను దాటగానే బయటి నుంచే కళ్ళనిండా కనిపిస్తుంది. సాయంకాలం దాని ముందు రోడ్డు దాటే గుంపే నా మొదటి పెట్టెకు బొమ్మ అయింది. మెరీన్ డ్రైవ్‌లో ట్రైపాడ్ నిలబెట్టగానే కానిస్టేబులు అనుమతి కాగితం అడిగారు. చేతిలో కెమెరా పట్టుకుని తీస్తే ఎవరూ పలకరించలేదు.

చిక్కంతా అచ్చు దగ్గరే వచ్చింది. ఒక ల్యాబు వారు వెనక వెలుగుకు వాడే ఫిల్ము మీద మామూలు సిరా మోతాదుతోనే అచ్చు వేసి ఇవ్వడంతో, దీపం వెలిగించగానే చీరల ఎరుపు గులాబీగా పాలిపోయింది. మళ్ళీ డబ్బు కట్టి, రెట్టింపు సిరాతో వేయించాను. పట్టీలకూ పాలతెలుపు అక్రిలిక్ షీటుకూ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ లేకపోతే దీపాల చారలు మొహాల మీద పడతాయని కూడా లాడ్జి గదిలోనే తేలింది. అచ్చులను చుట్టి పీవీసీ గొట్టంలో పెట్టి తెచ్చాను; పెట్టెలకు కావలసిన పెద్ద షీట్లు మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనే కొన్నాను, మూడడుగుల పలకలను రైలు బెర్తు కింద తోసే ధైర్యం లేక.